ఆట ఆగినప్పుడు వచ్చే చప్పుడు

ఆ చప్పుడు మొదట విన్నది నేనే. వినకుండా ఉంటే బాగుండేదని తర్వాత చాలాసార్లు అనుకున్నాను.

అన్నయ్య ఆ కంప్యూటర్‌ని రెండేళ్ళపాటు ముక్కలు ముక్కలుగా కొన్నాడు. ఒకసారి క్యాబినెట్, ఇంకోసారి ఫ్యాన్లు, ఆర్నెల్లు ఆగి గ్రాఫిక్స్ కార్డు. జిరాక్స్ షాపులో పొద్దుటినుంచి సాయంత్రం దాకా నిలబడి వచ్చి, దాని ముందు కూర్చుని కారు రేసులు ఆడేవాడు. మా ముందుగదిలో కిటికీ పక్కన అమ్మ కుట్టుమిషను, ఎదుటి గోడకి అన్నయ్య బల్ల, రెండింటికీ మధ్య నాన్న కుర్చీ. బల్ల మీద క్యాబినెట్, క్యాబినెట్ మీద మా పిల్లి. దానికి వెచ్చదనం కావాలి. ఎండాకాలంలో కూడా కావాలి. ఇంట్లో ఎవరి మాటా వినదు కాబట్టి దాన్ని దొర అనేవాళ్ళం.

ఆ ఎండాకాలం మొదట్లోనే నాన్న నూలుమిల్లు నుంచి రిటైరయ్యాడు. ముప్ఫై నాలుగేళ్ళు ఫిట్టరు. ఆయనకి మిల్లులో ఉన్న పేరంతా చెవిని బట్టి వచ్చింది. చెక్కపిడి ఉన్న పొడుగాటి స్క్రూడ్రైవర్ ఒకటి ఉండేది. దాని మొన నడుస్తున్న యంత్రానికి ఆనించి, పిడిని చెవి వెనక ఎముకకి పెట్టుకుని కళ్ళు మూసుకునేవాడు. కాసేపాగి, "మూడో కదురు కింద బేరింగు" అనేవాడు. విప్పితే అదే అయ్యేది. నా చిన్నప్పుడు ఆ పిడిని నా చెవికి ఆనించి గోడగడియారం వినిపించాడు, అమ్మ కుట్టుమిషను వినిపించాడు. ఒకసారి మొనకి గుడ్డ చుట్టి తన గుండె మీద పెట్టుకుని, "ఇదీ ఫిట్టింగే, నేను చేసింది కాదు గానీ" అన్నాడు. ఇంట్లో నాన్న చెవి నాకొచ్చిందనేవాళ్ళు. నాకది గర్వంగా ఉండేది.

మిల్లు మానేశాక ఆయన కుర్చీలో ఊరికే కూర్చునేవాడు. వేళ్ళు మాత్రం కుర్చీ చేతుల మీద ఏదో బిగిస్తున్నట్టు తిరిగేవి. అలా ఉండగా రెండు వీధుల అవతల మోటారు పంపుల షాపు నడిపే ఆయన ఇంటికొచ్చాడు. వాళ్ళ దగ్గర తయారైన ప్రతి మోటారునీ టెస్టింగ్ గదిలో రెండు నిమిషాలు నడిపి, విని, బాగుంటే పసుపు సుద్దతో గీత పెట్టాలి. ఆ గీత పడితేనే బయటికి వెళ్తుంది.

"పాత మనిషి వినీ వినకుండా గీతలు పెట్టేశాడు మేస్త్రీ గారూ," అన్నాడు ఆయన. "ఒక మోటారు నడుస్తూ నడుస్తూ బిగుసుకుపోయింది. ఏమైందా అని వంగినవాడి చెయ్యి కాలింది. ఇప్పటికీ బొటనవేలు మడత పడదు వాడికి. మీరు చెవి పెడితే నేను నిశ్చింతగా నిద్రపోతాను."

వచ్చే నెల ఒకటో తారీఖున చేరతానని నాన్న మాటిచ్చాడు. ఆయన వెళ్తూ వెళ్తూ పసుపు సుద్దల పెట్టె ఒకటి ముందుగానే ఇచ్చి వెళ్ళాడు. నాన్న దాన్ని అద్దం దగ్గర, దువ్వెన పక్కన పెట్టుకున్నాడు.

ఆ వారంలోనే ఒక సాయంత్రం నేను అన్నయ్య వెనక నిలబడి ఉన్నాను. రేసు అయిపోయి తెర మీద మెనూ వచ్చింది. ఖాళీ హాల్లో ఎర్రకారు ఒకటి నెమ్మదిగా తన చుట్టూ తాను తిరుగుతోంది. అప్పుడు వినిపించింది. గాజుగ్లాసు అంచు మీద తడివేలు తిప్పితే వచ్చేలాంటి సన్నటి కీచు.

"ఏంటన్నయ్యా అది?"

"నీకూ వినపడుతోందా? అమ్మయ్య. వారంనుంచి నా చెవిలోనే జోరీగ దూరిందేమో అనుకుంటున్నా."

"ఏంట్రా?" అన్నాడు నాన్న కుర్చీలోంచి.

"కంప్యూటర్లో ఏదో చప్పుడు నాన్నా."

ఆయన లేచి వచ్చాడు. క్యాబినెట్ మీద అరచెయ్యి పెట్టాడు. దొర ఆ చేతిని అనుమానంగా చూసి కొంచెం జరిగింది.

"అవును, ఉంది," అన్నాడు నాన్న. ఆయన ముఖంలోకి, మిల్లు వదిలాక మొదటిసారి, పనిమంతుడి కళ వచ్చింది. "గుర్రుమంటోంది."

కీచుమంటోంది అని నేననలేదు. ఒకే చప్పుడుకి తలో పేరూ పెడుతున్నామనుకున్నాను.

"నీ టీ చల్లారిపోతోందయ్యా!" అని వంటింట్లోంచి అమ్మ కేకేసింది. నాన్న కదల్లేదు. అమ్మ ఇంకోసారి కేకేసింది.

"చెవిటివాడి ముందు శంఖం ఊదకే అమ్మా," అన్నాడు అన్నయ్య నవ్వుతూ.

"మొగుళ్ళందరి చెవులూ అంతే. పక్కింటాయన పిలిస్తే మాత్రం గోడ దూకుతారు," అంది అమ్మ.

మేం ముగ్గురం నవ్వాం. నాన్న కూడా, మా ముఖాలు చూసి, నవ్వాడు.

*

మర్నాడు ఆదివారం. నాన్న స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని, మిల్లుకి వెళ్తున్నట్టే స్క్రూడ్రైవర్‌తో వచ్చి బల్ల ముందు కూర్చున్నాడు. అన్నయ్యకి చెమటలు పట్టాయి.

"నాన్నా, అది లేత్ మిషను కాదు. చిన్న చిన్నవి ఉంటాయి లోపల."

"యంత్రం యంత్రమేరా. పెట్టె మారితే పుట్టుక మారదు. పక్క తలుపు విప్పు."

"విరిగితే?"

"విరిగితే నన్ను అమ్మి కొనుక్కో. ముసలి ఫిట్టరు, ఒక్కడే వాడినది, కండిషన్ బావుంది అని రాసి పెట్టు."

అమ్మ పెదాల మధ్య దారం పట్టుకుని నవ్వింది.

ఆయన పని చేస్తుంటే చూడటం నాకు ఎప్పుడూ ఇష్టం. అనుమానం ఉన్నవాటిని ఒక్కొక్కటిగా ఆపుకుంటూ రావాలి. ఏది ఆపితే చప్పుడు ఆగుతుందో అదే దొంగ. మిల్లులో ఆయన పద్ధతి అది. ముందున్న ఫ్యాను నడిబొడ్డు మీద వేలు ఆనించి ఆపాడు. "ఆగిందా? లేదు." వెనక ఫ్యాను. "లేదు." కార్డు మీద ఉన్న రెండు చిన్న ఫ్యాన్లు. అన్నయ్య కళ్ళు మూసుకున్నాడు. "లేదు." ప్రశ్నా ఆయనదే, జవాబూ ఆయనదే. మమ్మల్ని అడగలేదు. ఎన్నడూ ఎవర్నీ అడగలేదు ఆయన.

చివరికి స్క్రూడ్రైవర్ మొన హార్డ్‌డిస్క్ ఉన్న రేకుకి ఆనించి, పిడి చెవి వెనక పెట్టుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. అమ్మ కుట్టుమిషను ఆపేసింది. గదంతా ఆయన కోసం ఊపిరి బిగబట్టింది.

"ఇదే. రెండు స్క్రూలు వదులయ్యాయి. డిస్కు తిరిగినప్పుడల్లా రేకు వణుకుతోంది."

పాత సైకిల్ ట్యూబు కత్తిరించి నాలుగు చిన్న రబ్బరు బిళ్ళలు చేశాడు. స్క్రూల కింద వాటిని పెట్టి బిగించాడు. అన్నయ్య కంప్యూటర్ ఆన్ చేసి ఆట తెరిచాడు. మెనూలో ఎర్రకారు తిరగడం మొదలుపెట్టింది. నాన్న అరచెయ్యి క్యాబినెట్ మీద పెట్టి, తల ఊపాడు.

"పోయింది."

నిజమే, గుర్రు పోయింది. అది పోయాక కీచు ఇంకా బాగా వినిపించింది. అంతవరకూ గుర్రు దానికి దుప్పటిలా కప్పి ఉందన్నమాట. ఇప్పుడు ఏ అడ్డమూ లేకుండా గదిలో ఈ మూలనుంచి ఆ మూలకి తీగలా సాగి ఉంది. ఆ తీగకి ఇవతల నేనూ అన్నయ్యా, అవతల నాన్న. ఆయన మా ఇద్దరి వంకా చూస్తున్నాడు, పరీక్ష ఫలితాల్లో తన నంబరు కోసం చూసే పిల్లాడిలా.

అన్నయ్య నోరు తెరిచాడు. నేను వాడి కాలు తొక్కాను.

"పోయింది నాన్నా," అన్నాను. అక్కడితో ఆపొచ్చు. కానీ అబద్ధానికి నగ పెట్టాలనిపించింది. "చీమ చిటుక్కుమంటే వినపడేలా ఉంది ఇప్పుడు."

నాన్న స్క్రూడ్రైవర్‌ని చొక్కా అంచుతో తుడిచి సంచిలో పెట్టుకున్నాడు. అమ్మ టీ తెచ్చింది. ఆయన దాన్ని వేడిగా ఉన్నప్పుడే తాగాడు.

*

ఆ అబద్ధంతో మూడు వారాలు బతికాం. అన్నయ్య హెడ్‌ఫోన్స్ పెట్టుకునేవాడు. రేసు అయిపోగానే మెనూలో ఆగకుండా వెంటనే ఇంకో రేసు మొదలుపెట్టేవాడు. ఇష్టమైన ఆట వాడికి ఉద్యోగంలా తయారైంది.

ఒక మధ్యాహ్నం నేను డాబా మీద ఆరిన బట్టలు తీస్తుంటే వచ్చాడు.

"ఒకటో తారీఖు నుంచి మోటార్లు పాస్ చెయ్యబోతున్నాడే."

"తెలుసు."

"అరిగిన బేరింగు మొదట్లో ఎలా అరుస్తుందో తెలుసా? సన్నగా. అచ్చం మనదానిలాగే."

"తెలుసన్నానుగా."

"తెలిస్తే చెప్పు ఆయనకి. నువ్వంటే ముద్దు."

"పెద్దవాడివి నువ్వు చెప్పు."

"కాలు తొక్కింది నువ్వా, నేనా?"

నేను ఒక దుప్పటిని అవసరానికి మించి జాగ్రత్తగా మడత పెట్టాను. జాలి వల్ల అబద్ధమాడానని అప్పటిదాకా నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. ఆ దుప్పటి మడత పెడుతుంటే తెలిసింది, అది జాలి కాదు. నా చెవి ఆయనదని గదా నా గర్వం. ఆయన చెవే లేకపోతే నాది ఎవరిది? నేను కాపాడుకున్నది నన్ను. అది తెలిశాక కూడా కిందికి దిగి వెళ్ళి ఏమీ చెప్పలేదు. తెలియడం వేరు, నోరు తెరవడం వేరు.

నిద్రలో మాత్రం బొటనవేలు మడత పడని చెయ్యి ఒకటి కనిపించేది. దానిమీద పసుపు గీత.

*

నెలాఖరు రోజు పొద్దున్న అన్నయ్య షాపుకి వెళ్ళాడు. అమ్మ కుట్టిన జాకెట్లు ఇవ్వడానికి వెళ్ళింది. నాన్న టీ తాగుతూ దొర వైపు చూస్తున్నాడు.

"అమ్మడూ, మీ అన్నయ్య ఆడుతున్నప్పుడు దొరగారు మధ్యమధ్యలో కిందికి దిగుతున్నారు. ఎందుకంటావు?"

"వేడేమో నాన్నా."

"వేడి కోసమే కదా ఎక్కేది."

నేను దొర వంక చూశాను.

"వారం రోజులనుంచి చూస్తున్నా. కారు పరిగెత్తుతుంటే నిద్రపోతుంది. కారు ఆగి ఊరికే తిరుగుతుంది చూడు, అప్పుడు దిగుతుంది." గ్లాసు కింద పెట్టాడు. "అది ఆన్ చెయ్యి. స్పీకర్లు ఆపేసెయ్."

కుర్చీని తెర కనపడకుండా పక్కకి తిప్పుకున్నాడు. అక్కడినుంచి ఆయనకి కనపడేది క్యాబినెట్ మీది పిల్లీ, నా ముఖం. అద్దం దగ్గరనుంచి పసుపు సుద్ద ఒకటి తీసుకొచ్చాడు.

"కాసేపు రేసు పెట్టు, కాసేపు ఊరికే తిరగనీ. నీ ఇష్టం వచ్చినట్టు మార్చు. నాకు చెప్పకు. చప్పుడు వచ్చిందనిపించినప్పుడల్లా నేను గీత పెడతా."

నేను మార్చాను. మెనూ, రేసు, మెనూ. ముఖం కదలకుండా బిగించి ఉంచాను. నేల మీద సుద్ద గీరుకున్న చప్పుడు మాత్రం అప్పుడప్పుడూ వినిపించేది. దొర రెండుసార్లు దిగింది. నాన్న రెండుసార్లూ ఎత్తి మళ్ళీ పైన కూర్చోబెట్టాడు.

"చాలు. ఎన్నిసార్లు వచ్చింది?"

"ఏడు."

నేల చూపించాడు. ఏడు గీతలున్నాయి.

"ఏడుకి ఏడు!" అన్నాను. ఒక్క క్షణం నిజంగా సంతోషపడ్డాను, ఆయనకి వినపడుతోందని.

"దొరకి ముందు ఎడమచెవి మడత పడుతుంది, తర్వాత కుడిది," అన్నాడు నాన్న. "నీకు ఇక్కడ, మెడ దగ్గర, ఒక నరం లేస్తుంది. ఎంత బిగబట్టినా లేస్తుంది."

వీధిలో ఎవరో సైకిల్ బెల్లు కొట్టుకుంటూ పోయారు. అది కూడా ఆయనకి వినపడలేదేమోనని మొదటిసారి అనుకున్నాను.

"చీమ చిటుక్కుమంటే వినపడుతుందన్నావు మొన్న," అన్నాడు.

ఆయనకి కోపం లేదు. ఉంటే బాగుండేది. కోపం వస్తే ఏం చెయ్యాలో నాకు చిన్నప్పటినుంచీ తెలుసు.

"మిల్లులో ఎలా మరి?" అన్నాను.

"ఆఖరి రెండేళ్ళూ ఇంతే. కదుళ్ళ దగ్గర పనిచేసే ఆడవాళ్ళు ఉంటారుగా. పాడైన యంత్రం పక్కన నిలబడితే వాళ్ళకి తెలియకుండానే ముఖం ముడుచుకుంటుంది. స్క్రూడ్రైవర్ చెవి దగ్గర పెట్టుకుని చూసేది మాత్రం వాళ్ళని."

"కళ్ళు మూసుకునేవాడివి కదా?"

"పూర్తిగా కాదు."

నాకు నవ్వొచ్చింది. ఆయనకీ వచ్చింది. కాసేపు ఇద్దరం నవ్వుకున్నాం, దొంగతనం చేసొచ్చిన ఇద్దరిలా. ఆ నవ్వులో నాకు ధైర్యం వచ్చింది.

"అయితే పంపుల షాపులో కూడా పక్కన ఎవరో ఒకరు ఉంటారుగా నాన్నా. వాళ్ళని చూస్తూ..."

"టెస్టింగ్ గది తలుపు మూసేస్తారమ్మా. లోపల నేనూ మోటారూ అంతే." అరచేత్తో నేల మీది గీతలు తుడిచేశాడు. "మోటారుకి ముఖం ఉండదు."

*

ఒకటో తారీఖు పొద్దున్న నన్ను కూడా రమ్మన్నాడు. ఎందుకని అడగలేదు. దారి పొడుగునా నాకు ఎడమపక్కన నడిచాడు, కుడిచెవి నావైపు ఉండేలా. అది ఎప్పటి అలవాటో నేను గుర్తుచేసుకోవడానికి ప్రయత్నించాను. చాలా పాతదనిపించింది.

పంపుల షాపాయన ఎదురొచ్చాడు. నాన్న సుద్దల పెట్టె ఆయన చేతిలో పెట్టాడు.

"ఇందులో ఒకటి వాడాను. పాస్ చేసే పని నాకొద్దండీ. బేరింగులు ఎక్కించే పని ఉంటే ఇవ్వండి."

"అదేంటి మేస్త్రీ గారూ? మిమ్మల్ని పిలిచిందే మీ చెవి కోసం."

"చెవులు మిల్లులోనే వదిలేసి వచ్చాను. చేతులు మాత్రం తెచ్చుకున్నా."

ఆయన పెద్దగా నవ్వాడు. తర్వాత నాన్న నవ్వడం లేదని చూసి ఆపేశాడు. ఆపేసి నావైపు చూశాడు. అదే చూపు. ఒకరు చెప్పింది నిజమో కాదో ఇంకొకరి ముఖంలో వెతికే చూపు. నేను తల దించుకోలేదు. ఆ నెలలో నేను చేసిన మంచిపని అదొక్కటే.

"కూర్చోండి," అన్నాడు ఆయన, ఇంకో గొంతుతో. నాన్న కూర్చోలేదు. చొక్కా చేతులు మడిచి బేరింగులు ఉన్న బల్ల దగ్గరికి వెళ్ళాడు. ఒకదాన్ని తీసి, చెవి దగ్గర పెట్టుకోకుండా, రెండు వేళ్ళ మధ్య తిప్పాడు.

పదకొండేళ్ళు ఆ బల్ల దగ్గరే పనిచేశాడు. ఇప్పుడు చెవి వెనక చిన్న మిషను పెట్టుకుంటాడు, నచ్చని మాట వస్తే దాన్ని ఆపేస్తాడు. అన్నయ్య ఆ కంప్యూటర్‌ని ఎప్పుడో ముక్కలుగా కొన్నట్టే ముక్కలుగా అమ్మేశాడు. ముందుగది ఇప్పుడు కూడా ఉంది గానీ, అందులో ఒకేసారి కుట్టుమిషనూ, కారూ, పిల్లీ, నాన్న టీగ్లాసూ ఉన్న ఆ సాయంత్రాలు లేవు.

ఆ మొదటిరోజు సాయంత్రం ఆయన చేతులకి గ్రీజుతో ఇంటికొచ్చాడు. ఆ వాసన చూసి అమ్మ ఏమీ అనకుండా సబ్బు తెచ్చిచ్చింది. ఆయన దగ్గరికి వెళ్ళి, ముఖంలో ముఖం పెట్టి, "టీ తాగుతావా?" అంది. కేక వెయ్యలేదు. అమ్మకి ఎవరు చెప్పారో నాకు తెలియదు.

నాన్న చేతులు తుడుచుకుంటూ అన్నయ్య కుర్చీ వెనక నిలబడ్డాడు.

"హెడ్‌ఫోన్స్ తియ్యరా. ఆ చప్పుడు సంగతి తేల్చాలి."

అన్నయ్య నావైపు చూశాడు. నేను తల ఊపాను.

"అది ఎప్పుడు వస్తుంది? సరిగ్గా చెప్పు."

"రేసు ఆగాక నాన్నా. ఈ కారు ఊరికే తిరుగుతుంటుంది చూడు, ఇప్పుడు."

"రేసులో?"

"బాగా తగ్గిపోతుంది."

నాన్న స్క్రూడ్రైవర్ సంచిలోంచి తీశాడు గానీ దేనికీ ఆనించలేదు. ఊరికే చేతిలో పట్టుకుని ఆలోచించాడు.

"పని ఉన్నప్పుడు తగ్గి, పని లేనప్పుడు పెరిగే చప్పుడు. వదులైంది ఏదీ కాదు ఇది. బరువు తీసేసిన మోటారుంటుందే, అలాంటిది. ఖాళీగా ఉండేసరికి పట్టపగ్గాలు లేకుండా పరిగెత్తుతోంది. ఇంత చాలు అని దీనికి చెప్పేదేమైనా ఉందా లోపల?"

అన్నయ్య తెర వైపు తిరిగాడు.

"ఉంది," అన్నాడు నెమ్మదిగా. "సెకనుకి ఎన్ని బొమ్మలు గియ్యాలో చెప్పొచ్చు కార్డుకి. నేను హద్దు తీసేసి పెట్టాను, ఎక్కువైతే మంచిదని." ఏదో పేజీ తెరిచి అంకె చూశాడు. "అమ్మో! ఈ ఒక్క కారుకి సెకనుకి వెయ్యి బొమ్మలు గీస్తోంది నాన్నా. ఎవరూ చూడనివి."

"ఎన్ని చాలు?"

"అరవై."

"అరవై అని చెప్పు."

అన్నయ్య చెప్పాడు. కీచు తెగిపోయింది. ఎర్రకారు ఎప్పటిలాగే తిరుగుతోంది. అమ్మ కుట్టుమిషను, వీధిలో మాటలు, గోడగడియారం, ఒక్కొక్కటీ వచ్చి తమ తమ చోట్లలో కూర్చున్నాయి.

నాన్న నావైపు తిరిగాడు.

"పోయిందా?"

ఒక యంత్రం గురించి ఆయన ఎవరినైనా అలా అడగడం నేను మొదటిసారి విన్నాను.

"పోయింది నాన్నా."

ఆయన తల ఊపాడు. ఊపి, క్యాబినెట్ మీదికి చూశాడు. దొర ముందుకాళ్ళు చాచుకుని పడుకుని ఉంది. ఎడమచెవి కదల్లేదు. నాన్న ఇంకాసేపు ఆగాడు. కుడిదీ కదల్లేదు.

అప్పుడు స్క్రూడ్రైవర్ కింద పెట్టాడు.